తిరుపతిలో పిజ్జా: ఏ ఓవెన్, ఎంత దూరం, ఏ సైజు

తిరుపతిలో పిజ్జా ఎక్కడ బాగుంటుందని నలుగుర్ని అడిగితే నాలుగు పేర్లు చెప్తారు. నలుగురి మాటా నిజమే కావచ్చు. ఎయిర్ బైపాస్ రోడ్డులో టేబుల్ దగ్గర కూర్చుని తిన్నవాళ్లకు బ్రహ్మాండంగా ఉన్న పిజ్జానే రేణిగుంటకు తెప్పించుకుంటే బేస్ మెత్తబడి, చీజ్ బిగుసుకుపోయి ఉంటుంది. ఓవెన్ నుంచి దిగిన ఐదు నిమిషాలకు ఉన్న రుచి అరగంటకు ఉండదు. అందుకే షాపు పేరు వెతికే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: అక్కడే తింటారా, పార్సిలా? ఎంతమంది? వాళ్లలో శాకాహారం విషయంలో గట్టి పట్టింపు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మూడోది వేరే ఊళ్లో చిన్న విషయమే గానీ కొండ కింద ఊళ్లో కాదు.

ఓవెన్‌ను బట్టి షాపు

మెనూ ఎంత పొడుగున్నా పిజ్జా బాగోగులు తేల్చేది ఓవెన్. డామినోస్, పిజ్జా హట్ లాంటి చెయిన్లు (రెండూ 1996లోనే మన దేశంలో మొదలయ్యాయి) ఓవెన్ విషయంలో రిస్కు తీసుకోవు. చెయిన్లలో ఎక్కువగా కనిపించేది బెల్టు ఓవెన్. పిజ్జాను ఒక పక్క పెడితే పైనుంచీ కిందనుంచీ కొట్టే వేడిగాలిలో, దాదాపు 240 నుంచి 260 డిగ్రీల్లో, ఐదారు నిమిషాలు కాలి రెండో పక్కకు వచ్చేస్తుంది. వంటమనిషి చేతి నైపుణ్యంతో పనిలేదు. నిన్న తిన్నదీ, వచ్చే నెల తినబోయేదీ ఒకేలా ఉంటాయి. కొత్త ఊళ్లో, పిల్లలతో, రాత్రి పది దాటాక ఇంతకన్నా పెద్ద భరోసా లేదు.

అయితే బెల్టు వేగం అన్నిటికీ ఒకటే. మీరు ఎక్స్‌ట్రా చీజ్, దాని మీద ఇంకో రెండు టాపింగ్స్ వేయించారనుకోండి, ఆ సంగతి బెల్టుకు తెలియదు. మామూలు పిజ్జాకిచ్చిన ఐదారు నిమిషాలే దానికీ ఇస్తుంది. పైన చీజ్ కరుగుతుంది, మధ్యలో పిండి పచ్చిగా మిగులుతుంది. "డబ్బులు ఎక్కువ పెట్టాం, రుచి తగ్గింది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. చెయిన్ షాపులో టాపింగ్స్ రెండు, మహా అయితే మూడు దాటనివ్వకండి. రద్దీ వేళల్లో ఇంకో ఇబ్బంది కూడా వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి ముద్దలు తగినంత సేపు పొంగకుండానే పని మొదలైపోతుంది. అప్పుడు అంచు బిగువుగా, బుడగల్లేకుండా వస్తుంది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు తిన్న ఒక్క పిజ్జాతో షాపు మీద తీర్పు చెప్పేయకండి.

కట్టెల ఓవెన్ సంగతి పూర్తిగా వేరు. ఇటలీలోని నేపుల్స్ నగరం పిజ్జా పద్ధతికి ప్రమాణాలు పెట్టిన సంఘం 1984లో ఏర్పడింది. దాని లెక్కలో ఓవెన్ 430 నుంచి 485 డిగ్రీల మధ్య ఉండాలి, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో దిగాలి. ఆ వేడికి అంచు ఒక్కసారిగా పొంగి, మీద అక్కడక్కడ నల్లటి మచ్చలు పడతాయి. లోపల మాత్రం మెత్తగానే ఉంటుంది. మధ్యభాగం తడితడిగా ఉండి, ముక్క పైకెత్తితే మొన వేలాడుతుంది. చెయిన్ పిజ్జాకు అలవాటు పడినవాళ్లు దాన్ని చూసి "ఉడకలేదు" అని వెనక్కి పంపేస్తుంటారు. ఉడకకపోవడం వేరు, ఆ తడి వేరు. అంచు చించి చూస్తే లోపల పెద్దచిన్న గదులుగా తెరుచుకుని ఉండాలి. పిండి ముద్దగా, బూడిదరంగులో, పళ్లకు అంటుకునేలా ఉంటేనే పచ్చి.

కట్టెల ఓవెన్ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఆ వేడి ఉన్నట్టు కాదు. ఓవెన్ లోపలి ఇటుకల నేల పూర్తిగా వేడెక్కడానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. షాపు తెరిచిన అరగంటకే వెళ్తే మంట కనిపిస్తుంది గానీ నేల చల్లగానే ఉంటుంది. పైన మాడి, కింద తెల్లగా ఉండిపోయిన పిజ్జా వస్తుంది. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య వెళ్లండి, అప్పటికే పది పిజ్జాలు దిగి ఉంటాయి. అక్కడే తినండి. ఈ రకం పిజ్జాను పార్సిల్ కట్టించుకోవడం దండగ. బాక్స్‌లో ఐదు నిమిషాలకే ఆ తడి మొత్తం బేస్‌లోకి దిగిపోతుంది.

బేకరీలు, జ్యూస్ షాపుల పిజ్జాకు చాలాచోట్ల వాడేది ముందే కాల్చి ప్యాకెట్‌లో వచ్చే బేస్. రెండోసారి కాలేసరికి ఉన్న కాస్త తేమ కూడా పోతుంది, అంచు రస్కులా విరుగుతుంది. అది పిజ్జా ధర పెట్టి కొనాల్సిన పిజ్జా కాదు గానీ, ఎస్వీ యూనివర్సిటీ ముందు సాయంత్రం నలుగురు స్టూడెంట్లు కొద్ది డబ్బులతో కడుపు నింపుకోవడానికి పనికొస్తుంది, అంతవరకు తప్పేం లేదు. తేడా కనిపెట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: "అన్నా, పిండి మీరే కలుపుతారా, బేస్ బయటనుంచి వస్తుందా?" బన్నులు, బ్రెడ్డు తామే కాల్చుకునే బేకరీ అయితే పిజ్జా బేస్ కూడా వాళ్ల పిండితోనే అడిగి చేయించుకోవచ్చు. బ్రెడ్డు కాల్చే డెక్ ఓవెన్లో నేరుగా కాలిన బేస్ చాలా చెయిన్ పిజ్జాలకు తీసిపోదు. కౌంటర్ వెనక మైక్రోవేవ్ ఒక్కటే కనబడితే మాత్రం పఫ్ తినేసి వచ్చేయండి. మైక్రోవేవ్‌లో వేడిచేసిన బేస్ ముందు సాగుతుంది, చల్లారితే రాయి.

ఇక బిర్యానీ, నూడుల్స్, రోటీ, పిజ్జా అన్నీ ఒకే మెనూలో ఉన్న మల్టీక్యూజిన్ హోటళ్లు. వీటిలో రోజుకు ఎన్ని పిజ్జాలు అమ్ముడుపోతాయన్నదే అసలు విషయం. పిండి నిన్నటిదో మొన్నటిదో అయితే, ఫ్రిజ్‌లో పద్ధతిగా పెట్టినంతవరకు 24 నుంచి 72 గంటలు పులిసినా మంచిదే, రుచి పెరుగుతుంది. బయట వదిలేస్తేనే చిక్కు. మే నెలలో తిరుపతి వంటింటి వేడికి పిండి కొన్ని గంటల్లోనే అతిగా పులుస్తుంది. ఈస్టు పిండిలోని చక్కెరంతా తినేస్తుంది, ఇక ఓవెన్‌లో ఎంతసేపు పెట్టినా బేస్ ఎర్రబడదు. పాలిపోయిన రంగు, పుల్లటి వాసన, చదునుగా అణిగిపోయిన అంచు, ఈ మూడూ కలిసి కనబడితే కారణం అదే.

మొదటిసారి వెళ్తే మార్గరీటా

కొత్త షాపును పరీక్షించడానికి చిన్న సైజు మార్గరీటా చెప్పండి. దాని మీద సాస్, చీజ్ తప్ప దాక్కోవడానికి ఇంకేం ఉండదు. తందూరీ పనీరు, పెరిపెరి చికెన్ లాంటివి ఘాటుతోనే సగం తప్పులు కప్పేస్తాయి.

పిజ్జా వచ్చాక ఒక ముక్కను అంచు పట్టుకుని పైకెత్తి కిందిభాగం చూడండి. గోధుమరంగు చుక్కలు పరుచుకుని ఉంటే ఓవెన్ నేల వేడిగా ఉందని అర్థం. ఒకే రకంగా తెల్లగా, పిండి రాలుతూ ఉంటే వేడి చాలలేదు. నూనెతో మెరుస్తూ కరకరలాడుతుంటే అది పాన్ పిజ్జా. నూనె రాసిన గిన్నెలో కాలుతుంది కాబట్టి అడుగు వేగినట్టే ఉంటుంది, అది లోపం కాదు. తర్వాత ముక్కను మధ్యకు కోసి పక్కనుంచి చూడండి. సాస్ కిందుగా మైదా రంగులో, తడి గీతలా ఒక పొర కనిపిస్తే ఆ చోట ఉడకలేదు. సాస్ ఎక్కువ పోస్తే, నీళ్లు వదిలే పుట్టగొడుగులో పచ్చి టమోటాలో గుమ్మరిస్తే ఇలా అవుతుంది. పది అంగుళాల పిజ్జాకు 70 గ్రాముల సాస్, 100 గ్రాముల చీజ్ చుట్టుపక్కల ఉంటే సరిపోతుంది.

సాస్ తీపిగా, వెనిగర్ పులుపుతో నాలుకకు అంటుకుంటే అది కెచప్. పాత చిత్తూరు జిల్లా మదనపల్లె టమోటా మార్కెట్టును చూసుకుని బతికిన ప్రాంతంలో కెచప్ పిజ్జా తినాల్సి రావడం ఒక విడ్డూరం. మన టమోటాలో నీరు ఎక్కువ, దాన్ని చిక్కగా మరిగించడానికి గ్యాసూ, టైమూ కావాలి. చిన్న షాపులు కెచప్ సీసా ఎత్తేది అందుకే.

చీజ్ అసలా, నకలా

వేడిగా ఉన్నప్పుడు అన్ని చీజ్‌లూ కరుగుతాయి, సాగుతాయి. ఫోటోల్లో కనిపించే ఆ తీగ సాగుడును నమ్మకండి. ఒక ముక్క పక్కన పెట్టి పది నిమిషాలు చల్లారనివ్వండి. పాలతో చేసిన మోజరెల్లా చల్లారాక గట్టిపడుతుంది గానీ నమిలితే పాల రుచి, కాస్త ఉప్పదనం తెలుస్తాయి. పామాయిల్ లాంటి నూనెలతో చేసిన అనలాగ్ (చీజ్‌లా కనిపించే నకలు) అయితే రుచి ఉండదు, అంగిలికి మైనం పూసినట్టు ఒక పొర మిగులుతుంది. మీద నూనె కొద్దిగా తేలడం మాత్రం నకిలీకి గుర్తు కాదు. నిజమైన చీజ్ కూడా ఎక్కువ కాలితే నెయ్యి వదులుతుంది.

ధర కూడా కొంత చెప్తుంది. మిగతా షాపులన్నీ ఒక ధరకు అమ్ముతుంటే ఒకటి సగానికే "డబుల్ చీజ్" ఇస్తోందంటే ఆ చీజ్ ఎక్కడిదని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ప్యాకెట్ చూపించమంటే మంచి షాపువాళ్లు చూపిస్తారు.

చీజ్ బర్స్ట్ గురించి ఒక మాట. రెండు పలుచని బేసుల మధ్య చీజ్ సాస్ పెట్టి మూసి కాలుస్తారు. కడుపు త్వరగా నిండుతుంది, పిల్లలు ఎగబడతారు. కానీ ఆ మధ్యపొర వేడిని బేస్‌కు అందనివ్వదు, అందువల్ల పచ్చిదనం ఎక్కువసార్లు కనిపించేది దీనిలోనే. చల్లారితే లోపలి సాస్ గడ్డకట్టి, ముక్క కోస్తుంటే పొరలు జారిపోతాయి. తినాలనుకుంటే షాపులోనే తినండి.

సైజు లెక్క

చెయిన్ల కొలతలు సాధారణంగా 7, 10, 13 అంగుళాలు. 7కీ 10కీ తేడా మూడే అనిపిస్తుంది గానీ తినేది వైశాల్యం. 7 అంగుళాల పిజ్జా వైశాల్యం 38.5 చదరపు అంగుళాలు, 10ది 78.5, 13ది 132.7. రెండు చిన్న పిజ్జాలు కలిపినా ఒక మీడియంకు కొంచెం తక్కువే. ధరలు 200, 400, 600 రూపాయలు అనుకుందాం. చదరపు అంగుళానికి చిన్నది 5.19, మీడియం 5.10, పెద్దది 4.52 పడుతుంది. ఫోన్‌లో ధరను వైశాల్యంతో భాగిస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

దీనికన్నా ముఖ్యమైంది అంచు. చుట్టూ అంగుళం అంచు ఏమీ లేకుండా పోతుందనుకుంటే, 7 అంగుళాల పిజ్జాలో సాస్, చీజ్ ఉన్న భాగం దాదాపు సగమే. 10లో అది 64 శాతం, 13లో 72 శాతం. పిల్లలకు తలా ఒక చిన్న పిజ్జా కొనిస్తే సగం డబ్బులు బ్రెడ్డుకే పోతాయన్నమాట. గొడవపడకుండా ఉంటారనే లాభం వేరే లెక్క.

ఒకటి కొంటే ఒకటి ఉచితం వచ్చినప్పుడు రెండు మీడియంలు 157 చదరపు అంగుళాలు, ఒక పెద్దదాని కంటే ఎక్కువ. రెండు మీడియంల మొత్తం ధర పెద్దదాని ధర కంటే తక్కువో సమానమో అయితే ఆఫరే తీసుకోండి, రెండు రకాల రుచులూ దొరుకుతాయి. ఆఫర్ ఏ క్రస్టుకు (బేస్ రకానికి) వర్తిస్తుందో చూడండి. పాన్, బర్స్ట్‌లకు చాలాసార్లు అదనం వేస్తారు.

ఇల్లు ఎక్కడ?

బాక్స్ మూసిన క్షణం నుంచి ఆవిరి బేస్‌ను మెత్తబరుస్తూ ఉంటుంది. కట్టెల ఓవెన్‌ది, చీజ్ బర్స్ట్ తప్ప పదిహేను నిమిషాల వరకు ఏ పిజ్జా అయినా ఫర్వాలేదు. బాలాజీ కాలనీ, కేటీ రోడ్డు, లీలామహల్ సర్కిల్, ఎమ్మార్ పల్లి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఈ గడువులో అందుతుంది, మిగతావాటిలో ఏది నచ్చితే అది చెప్పుకోవచ్చు. తిరుచానూరు వైపు ఉన్నవాళ్లకు 2023లో పూర్తయిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వల్ల కపిలతీర్థం వైపు నుంచి పార్సిల్ రావడం సులువైంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మే నెలలో గంగజాతర రోజుల్లో మాత్రం యాప్ చూపించే నిమిషాలకు ఇంకో ఇరవై కలుపుకోండి.

రేణిగుంట, చంద్రగిరి, కరకంబాడి రోడ్డు చివర ఉన్నవాళ్లు సన్నని క్రస్టు, చీజ్ బర్స్ట్ రెండూ మానేయండి. ప్రయాణానికి తట్టుకునేది పాన్ పిజ్జానే. అడుగున వేగిన పొర ఆవిరిని కొంతసేపు ఆపుతుంది, మందంగా ఉంటుంది కాబట్టి వేడీ నిలుస్తుంది. ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్ విద్యార్థులకు ఊరు ఇరవై కిలోమీటర్ల పైమాటే. వాళ్లకు పనికొచ్చే దారి ఒకటే: ఊళ్లోకి వచ్చిన రోజు షాపులో తినడం, లేదా పాన్ పిజ్జా పార్సిల్ తీసుకుని హాస్టల్‌లో మళ్లీ వేడిచేసుకోవడం. బండిమీద తెచ్చేటప్పుడు బాక్స్‌ను నిలువుగా ఇరికించకండి, టాపింగ్స్ మొత్తం ఒక పక్కకు జారతాయి. బాక్స్‌కు పక్కన ఉన్న చిన్న చిల్లులను టేపుతో మూసి ఉంటే తీసేయండి.

చిత్తూరులో షాపులు తక్కువ, ఎంపిక త్వరగా అయిపోతుంది. గాంధీ రోడ్డు, గ్రీమ్స్‌పేట వైపు ఉన్నవాళ్లకు పైన చెప్పిన బేకరీ పరీక్షే ఎక్కువ ఉపయోగం. వేరే రకం కావాలంటే డెబ్భై కిలోమీటర్ల తిరుపతి కంటే నలభైలోపే ఉన్న వేలూరు దగ్గర.

రైల్లో తినాలనుకుంటే ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్‌లో పీఎన్ఆర్ నంబరు కొట్టి చూడండి, లేదా 1323కి ఫోన్ చేయండి. మీ స్టేషన్లో ఆ రోజు ఏ షాపు అందిస్తుందో అక్కడే తెలుస్తుంది.

శాకాహారం, కొండ

"ప్యూర్ వెజ్" అని బోర్డున్న షాపుకూ, వెజ్ పిజ్జా అమ్మే మామూలు షాపుకూ తేడా ఉంది. రెండోదాంట్లో చికెన్ పిజ్జా వెళ్లిన బెల్టు మీదే మీ పనీరు పిజ్జా కూడా వెళ్తుంది. కోసే చక్రం, టాపింగ్స్ వేసే బల్ల వేరుగా ఉన్నాయా అని అడగండి. పెరటాసి (తమిళ నెల) శనివారాలు పట్టేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లతో వచ్చినవాళ్లు ప్యూర్ వెజ్ షాపుకే వెళ్తే అందరికీ మనశ్శాంతి.

ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు అక్కడ కూడా అడగాల్సిందే. సాస్‌లో వెల్లుల్లి ముందే కలిసి ఉంటుంది, పైనుంచి తీసేసేది కాదు. అలాంటివాళ్లకు వెల్లుల్లి లేని తెల్ల సాస్ ఉందేమో కనుక్కోండి. మయోనీస్ చిలకరించిన పిజ్జా అయితే అది గుడ్డు లేనిదో కాదో చూడాలి. ఇక్కడ తయారైన మోజరెల్లా ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చే పార్మిజానో రెజానో చీజ్ మాత్రం దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తోనే (పాలను విరగ్గొట్టే పదార్థం) చేస్తారు. పైన తురిమిన చీజ్ ఏదని ఖరీదైన షాపులోనే ఎక్కువగా అడగాలి.

తిరుమల మీద మాంసం నిషేధం, అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది. కార్లో సగం తిన్న చికెన్ పిజ్జా బాక్స్ ఉంటే కిందే ముగించేయండి. కొండ మీదికి పిజ్జా డెలివరీ వస్తుందని లెక్కపెట్టుకోకండి. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వేడి సాంబారన్నం ఉండగా అక్కడ పిజ్జా ఎందుకు కూడా!

రేటింగు, బిల్లు

మల్టీక్యూజిన్ హోటల్‌కు ఉన్న 4.3 రేటింగు బిర్యానీ సంపాదించింది కావచ్చు. రివ్యూల్లో "పిజ్జా" అని వెతికి, ఇటీవలి మూడు నెలల్లోవి, తక్కువ నక్షత్రాలవి ముందు చదవండి. కస్టమర్లు పెట్టిన ఫోటోల్లో అంచు రంగు, అడుగు కనబడేవి చూడండి. షాపు పెట్టిన ఫోటోలు ఎక్కడివైనా కావచ్చు. యాప్‌లో షాపు పేజీ అడుగుకు వెళ్తే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు ఉంటుంది. మూడు వేర్వేరు పేర్లతో ఉన్న పిజ్జా షాపులకు ఒకే నంబరు, ఒకే చిరునామా ఉంటే మూడూ ఒకే వంటిల్లు. ఒకదాంట్లో నచ్చకపోతే ఇంకోదాంట్లో ప్రయత్నించడం దండగ.

యాప్ ధర, షాపులోని మెనూ ధర ఒకటి కాకపోవచ్చు. దగ్గరే ఉంటే ఫోన్ చేసి చెప్పి, వెళ్లి తెచ్చుకుంటే తక్కువపడుతుందేమో ఒకసారి పోల్చండి. బిల్లులో జీఎస్టీ 5 శాతం, రెండున్నర చొప్పున రెండు భాగాలుగా కనిపిస్తుంది. కాంపోజిషన్ స్కీములో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను షాపే కట్టే పద్ధతి) ఉన్న చిన్న షాపు విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జీ తనంతట తాను వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో కనబడితే తీసేయమని మర్యాదగా చెప్పండి.

మిగిలిన ముక్కలు

బయట రెండు గంటలకు మించి ఉంచకండి, ఎండాకాలంలో అయితే గంటే. బాక్స్‌తో పాటు ఫ్రిజ్‌లో పెట్టకుండా మూతున్న డబ్బాలో సర్దండి. మూడు రోజుల్లో తినేయాలి. వేడిచేయడానికి దోసె పెనం చాలు. సన్న మంట మీద ముక్కను రెండు నిమిషాలు వదిలి, అడుగు కరకరలాడటం మొదలయ్యాక పెనం పక్కన అర చెంచా నీళ్లు చల్లి మూత పెట్టండి. ఆ ఆవిరికి నిమిషంలో చీజ్ కరుగుతుంది. నీళ్లు ముక్క మీద పడకూడదు. చీజ్ బర్స్ట్ ముక్కకైతే మంట ఇంకా తగ్గించి, మూత పెట్టాక రెండు నిమిషాలు ఎక్కువ ఉంచాలి, లేకపోతే లోపలి సాస్ చల్లగానే ఉండిపోతుంది.